సైకాలజీ డిగ్రీ: చేరేముందు ఓసారి అద్దంలో చూడండి

బల్ల మీద నక్షత్రం బొమ్మ. చెయ్యి కనబడకుండా అడ్డంగా ఓ తెర, ఎదురుగా అద్దం. అద్దంలోనే చూస్తూ నక్షత్రం అంచుల మధ్య పెన్సిల్ నడపాలి. పైకి పోనిద్దామంటే కిందికి జారుతుంది, మూల దగ్గర చెయ్యి మొరాయిస్తుంది. పక్కనున్న క్లాస్‌మేట్ స్టాప్‌వాచ్ పట్టుకుని, గీత దాటినప్పుడల్లా ఒక తప్పు రాసుకుంటుంది. పదే పదే చేయగా తప్పులు తగ్గుతాయి. చెయ్యి మార్చి చూస్తే, సాధనే చేయని ఎడమ చేతికీ కొంత ఒడుపు వచ్చేసి ఉంటుంది! సైకాలజీ ల్యాబ్‌లో చేయించే పాత ప్రయోగాల్లో ఇదొకటి.

'సైకాలజీ చదువుతున్నా' అనగానే చుట్టాలు 'అయితే నా మనసులో ఏముందో చెప్పు' అంటారు. ఆ విద్య ఇక్కడ నేర్పరు. గమనించడం, లెక్కగట్టడం, ఆ లెక్క ఎంతవరకు చెబితే అంతవరకే మాట్లాడటం నేర్పుతారు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టినప్పటి నుంచీ ఈ శాస్త్రానికి కొలతే ఆధారం.

చేరేదెలా?

బీఏ సైకాలజీకి చాలా కాలేజీల్లో ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. తెలంగాణలో డిగ్రీ సీట్లు 'దోస్త్' ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా భర్తీ అవుతాయి. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి 2025 వరకు ఇగ్నో దూరవిద్య ఉండేది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం కాదు, ల్యాబ్ చూడండి. ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారా, రికార్డు కాపీ కొట్టిస్తారా అని సీనియర్లను అడగండి. లెక్కలకు భయపడి ఇటు వచ్చినవారికి స్టాటిస్టిక్స్ ఎదురవుతుందనీ గుర్తుంచుకోండి.

డిగ్రీతోనే కౌన్సెలర్ అవుతామా?

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డిగ్రీ పునాది మాత్రమే. సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్ చేసి ఆ విభాగంలో పీజీ చేయాలి. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు పూర్తిచేసి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నాళ్లూ ఆ దారి పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ మీదుగా సాగింది. బెంగళూరు నిమ్హాన్స్ ఈ చదువుకు పేరుమోసింది. ఇప్పుడు కోర్సుల స్వరూపం మారుతోంది కాబట్టి, ఫీజు కట్టేముందు ఆ కోర్సుకూ ఆ సంస్థకూ గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వారాంతపు సర్టిఫికెట్లు ఆ హోదా ఇవ్వవు.

చికిత్స వైపు వెళ్లనివారికీ దారులున్నాయి. హెచ్ఆర్, మార్కెట్ రీసెర్చ్, స్వచ్ఛంద సంస్థల్లో డిగ్రీతో తొలి అడుగు వేయొచ్చు. బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్, సోషల్ వర్క్‌లో పీజీ, ఎంబీఏ, సివిల్స్ వంటివాటికీ డిగ్రీ చాలు.

మన భాషే మన పనిముట్టు

పాఠ్యపుస్తకంలో 'యాంగ్జైటీ' అని ఉంటుంది. ఎదుట కూర్చున్న పెద్దావిడ మాత్రం 'గుండె దడగా ఉందమ్మా, అన్నం సయించట్లేదు, ఏదో బెంగ' అంటుంది. ఆ మూడు మాటల్లో ఒంటి బాధెంతో, మనసు బాధెంతో తొందరపడకుండా విడదీయగలగాలి. అద్దంలో నక్షత్రం గీసినట్టే, తొలి ప్రయత్నంలో తప్పులే ఎక్కువ. వాటిని ఓపిగ్గా లెక్కపెట్టుకోగలిగితే ఈ చదువు మీదే.