పశువైద్య ప్రశ్నోత్తరములు: తొలిచూలు పెయ్యకు తగిన ఆంబోతు

ప్రశ్న: మా యింట రెండు జెర్సీ సంకర పెయ్యలు ఎదకు వచ్చుచున్నవి. ఒకదానికి 16 నెలలు, రెండవదానికి 20 నెలలు. పుట్టబోవు పెయ్యదూడకు పాలు హెచ్చగునని కొందరు హోల్‌స్టీన్ సూది వేయింపుమనుచున్నారు. నాటు ఆంబోతుకు వదలినచో సుఖముగా ఈనునని మరికొందరు. నిరుడు మా పొరుగువారి పెయ్య తొలి ఈతలోనే దూడ పెద్దదై చిక్కుకొనగా తల్లియు దూడయు దక్కలేదు. ఏ ఆంబోతు మేలు? — ఒక రైతు, పర్వతగిరి

జవాబు: ఆంబోతును గూర్చి యోచించుటకు ముందు పెయ్య బరువును తెలిసికొనవలసియున్నది, ఏలయన ఈనిక కష్టమగుటకు దూడ యొక్క పరిమాణమెంత కారణమో తల్లి కటిమార్గపు ఇరుకుదనమును అంతే కారణము, ఈ రెండవదానిని ఎంతటి మేలుజాతి ఆంబోతును సరిదిద్దజాలదు. వయస్సును మాత్రమే లెక్కించి పెయ్యను కట్టించు అలవాటు మన గ్రామములలో నేటికిని ఉన్నది గాని, మేత చాలక ఎదుగుదల ఆగిన 20 నెలల పెయ్యకన్న చక్కగా పెరిగిన 16 నెలల పెయ్యయే గర్భధారణకు యోగ్యమైనది కావచ్చును. పూర్తిగా పెరిగిన ఆవు బరువులో 60 నుండి 65 శాతము వచ్చిన పిమ్మటనే సూది వేయింపవలెను. జెర్సీ సంకరములో ఇది సుమారు 230 నుండి 250 కిలోలు. తూచు సాధనము లేదని చింతింపనక్కరలేదు. ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు మొన వరకు పొడవును అంగుళములలో కొలిచి, చుట్టుకొలతను దానిచేతనే గుణించి, వచ్చినదానిని పొడవుచే గుణించి, 660 చే భాగించినచో బరువు ఇంచుమించుగా కిలోలలో తెలియును. చుట్టుకొలత 58 అంగుళములు, పొడవు 48 అంగుళములు ఉన్న పెయ్య సుమారు 245 కిలోలు తూగును. అది సిద్ధముగా ఉన్నట్లే. అంతకు తక్కువగా ఉన్నచో రెండు మూడు ఎదలు విడిచిపెట్టి, పచ్చిమేతయు దాణాయు ఖనిజ లవణ మిశ్రమమును ఇచ్చి పెంచుట వలన కలుగు నష్టము, కష్టమైన ఈనిక వలన కలుగు నష్టము ముందు లెక్కకు రాదు.

ఇక ఆంబోతు సంగతి. పుట్టు దూడ బరువు తండ్రి నుండియు తల్లి నుండియు వచ్చు జాతిగుణముపైననే గాక, దానిని మోసిన గర్భాశయపు విశాలతపై కూడ ఆధారపడియుండును. 1938 లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులగు వాల్టన్, హామండ్ అనువారు మహాకాయములగు షైర్ గుఱ్ఱములను, పొట్టివగు షెట్‌లాండ్ గుఱ్ఱములను ఇటు నటు సంకరపరచి చూడగా, రెండు జాతుల రక్తము సమపాళ్లలో ఉన్నను, షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్‌లాండ్ తల్లికి పుట్టిన పిల్లకు ఇంచుమించు మూడింతలుండెను. తల్లి గర్భము కొంతవరకు పిల్ల పెరుగుదలను అదుపులో ఉంచునని దీనివలన తేలినది. అయితే ఆ అదుపు సంపూర్ణమైనది కాదు. సంపూర్ణమైనచో మీ పొరుగువారి పెయ్యకు ఆ దుర్గతి పట్టియుండెడిది కాదు.

హోల్‌స్టీన్ దూడ తన జాతి తల్లికి పుట్టినప్పుడు 40 కిలోల ప్రాంతమున ఉండును. జెర్సీ దూడ 25 కిలోల ప్రాంతమున. సాధారణముగా దూడ బరువు తల్లి బరువులో నూటికి ఏడు పాళ్లుండునని పశుశాస్త్రజ్ఞుల అంచనా. ఈనునాటికి 300 కిలోలుండు మీ పెయ్యకు 21 మొదలు 24 కిలోల దూడ భారము కాదు. అట్టిదానికి హోల్‌స్టీన్ వీర్యము వేసి పెద్ద దూడను కోరుట, రేపటి పాలకొరకు నేటి తల్లిని పణముగా పెట్టుటయే యగును. కావున తొలి ఈతకు హోల్‌స్టీన్ వలదని నా నిశ్చితాభిప్రాయము. మీ పొలమున నీరును పచ్చిమేతయు సమృద్ధిగా ఉన్నచో రెండవ మూడవ ఈతలలో దానిని యోచింపవచ్చును.

నాటు ఆంబోతు సుఖమను మాటలోను పూర్తి నిజము లేదు. మూపురము గల జాతి ఆవు తన దూడను చిన్నదిగా కనును, అందువలన మన నాటు ఆవునకు జెర్సీ సూది వేసినను ఈనిక సాధారణముగా సుఖముగానే సాగును. కాని ఆ సంబంధమును తిరగవేసి, మూపురపు జాతి ఆంబోతును విదేశీ జాతి తల్లికి కట్టించినచో పుట్టు దూడ ఎదురుచూచినదానికన్న బరువైనదగును. ఒంగోలు, గిర్ మొదలగు మన జాతుల రక్తముతో అమెరికాలో ఏర్పడిన బ్రాహ్మణ్ ఆంబోతులను అక్కడి ఆవులకు కట్టించినప్పుడు ఈ సంగతి స్పష్టముగా కనబడినది. మీ పెయ్యలలో విదేశీ జాతి రక్తము సగమునకు మించినదైనచో, ఒంగోలు కోడెయైన యంత మాత్రమున దూడ చిన్నదగునని నమ్మరాదు. ఇదిగాక ఊరి ఆంబోతు ఎన్ని పశువులను దాటినదో, ఈచుకుపోవు రోగమును మోసికొని తిరుగుచున్నదో లేదో ఎవ్వరికిని తెలియదు. వీర్యకేంద్రములలో ఆంబోతులను బ్రూసెల్లోసిస్, క్షయ మొదలగు వ్యాధులకు పరీక్షించిన పిదపనే వాని వీర్యమును బయటికి పంపుదురు.

కాబట్టి మీ రెండు పెయ్యలకును జెర్సీ లేక జెర్సీ సంకర ఆంబోతు వీర్యమునే, అందులోను ఇదివరలో మీ చుట్టుప్రక్కల తొలిచూలు పెయ్యలకు వేసినప్పుడు దూడలు తేలికగా పుట్టిన ఆంబోతు వీర్యమునే అడుగుడు. ఆడదూడలు మాత్రమే పుట్టుటకై వేరుచేసిన వీర్యము లభించినచో అది మరింత మేలు. దానివలన నూటికి తొంబది వరకు ఆడదూడలే పుట్టును, ఆడదూడ మగదూడకన్న కొంత తేలికగా ఉండును. ఈ వీర్యముతో చూడి కట్టుట కొంచెము తక్కువ గనుక, పలుమార్లు కట్టించినను చూడి నిలువని ముసలి ఆవులకన్న ఆరోగ్యవంతములగు పెయ్యలకే దీనిని వాడుట ఉచితము.

చూడి కట్టిన తరువాత కడపటి మూడు నెలలలోనే దూడ తన బరువులో మూడింట రెండు పాళ్లు సంపాదించుకొనును. ఈ కాలమున దూడ పెద్దదగునను భయముతో తల్లిని మాడ్చువారున్నారు. దూడ స్వల్పముగా తగ్గవచ్చును గాని తల్లికి నొప్పులు పడు శక్తియే ఉడుగును, జున్నుపాలు తగ్గును, తిరిగి ఎదకు వచ్చుట ఆలస్యమగును. దానికి విరుద్ధముగా తవుడును చెక్కను మితిమీరి పెట్టినచో కటిలో కొవ్వు చేరి దారి ఇరుకగును. పెయ్య ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతితో తడిమినప్పుడు తగులునంతటి పుష్టి చాలును.

ప్రశ్న: అమెరికాలోని టెక్సాసులో స్థిరపడిన మా బావగారు, అక్కడ తొలిచూలు పెయ్యలకు ఆంగస్ అను నల్లని ఆంబోతునే కట్టింతురని, దూడలు అతి సులభముగా పుట్టునని వ్రాసినారు. ఆ వీర్యమును మనము తెప్పించుకొనరాదా? — ఒక పాఠకుడు, హసన్‌పర్తి

జవాబు: మీ బావగారు వ్రాసినది నిజమే. స్కాట్లండులోని అబర్డీన్, ఆంగస్ ప్రాంతములలో రూపొందిన ఈ కొమ్ములు లేని జాతి 1873 లో నాలుగు ఆంబోతులతో కాన్సాస్ రాష్ట్రమును చేరి, తరువాత అమెరికా అంతటను వ్యాపించినది. అది మాంసపు జాతి. అక్కడి పెంపకందార్లు ఒక్కొక్క ఆంబోతు సంతానమును వేలకొలది తూచి, తొలిచూలు పెయ్యలలో ఎన్ని సహాయము లేకుండ ఈనినవో లెక్కించి, దాని ఈనిక సుఖమునకు ఒక అంకెను కట్టి పుస్తకములలో ప్రకటింతురు. అందుచేత ఆంగస్ జాతియైన మాత్రమున కాక, అంకె మంచిదైన ఆంగస్‌నే అక్కడ పెయ్యలకు కట్టింతురు. షారొలే వంటి బరువైన జాతులను పెయ్యలకు దూరముగా ఉంతురు.

కాని అక్కడ సులభమనిపించుకొను దూడయే సుమారు 35 కిలోలుండును. దానిని మోయు తల్లి మన సంకర పెయ్యకన్న చాల పెద్దది. అదియునుగాక పాలకు పనికిరాని ఆ ఆడదూడను మీరేమి చేయుదురు? మన యొద్ద 1977 నాటి చట్టము ప్రకారము ఆవును వధించుట నిషిద్ధము, పాలే రైతుకు ఆదాయము. ములుకనూరు మహిళలు తమ పాల సహకార సంఘమును పాలు పిదుకు పశువులపై నిలబెట్టుకొన్నారు గాని మాంసపు పశువులపై కాదు. వీర్యమును వదలి, ఈనిక సుఖమునకు లెక్క కట్టు ఆ పద్ధతిని మాత్రము అమెరికా నుండి తెచ్చుకొనుడు.

ప్రశ్న: మా ముర్రా పడ్డ పది నెలలు నిండి, నిన్న నొప్పులు పడి నేడు ఊరకున్నది. దున్నపోతు పెద్దదగుటచేత దూడ దిగలేదా? — ఒక గృహిణి, నర్సంపేట

జవాబు: అమ్మా, దున్నపోతును నిందింపవలదు. బర్రెలలో కష్టమైన ఈనికకు ప్రధాన కారణము గర్భసంచి మెలికపడుట. నొప్పులు మొదలై ఉమ్మనీటి సంచి కనబడకుండనే అణగిపోవుట దాని ముఖ్యలక్షణము. పశువును పడుకొనబెట్టి, కడుపుపై పలక నుంచి, మెలిక పడిన వైపునకే దొర్లించి వైద్యుడు దానిని విప్పును. ఆలస్యమైన కొలది గర్భసంచికి రక్తప్రసారము తగ్గి దూడ చనిపోవును, పిదప తల్లికిని అపాయము కలుగును. ఇరుగుపొరుగు వారిచే త్రాళ్లు కట్టించి లాగింపక, ఈ ఉత్తరము చదివిన క్షణముననే 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్యశాలను పిలిపింపుడు. ఆవు పెయ్యల విషయమునను ఈ మాట గుర్తుంచుకొనవలెను: ఉమ్మనీటి సంచి పగిలి గంట గడచినను రెండు ముందుకాళ్లును, వానిపై ముట్టెయు కనబడనిచో ఇంటిలో ప్రయత్నములు చేయరాదు.

ఈనిక సుఖమునకు లెక్క కట్టు ఆ పద్ధతి మన యొద్దను ఏర్పడుటకై పాఠకులకు ఒక విన్నపము. కరీంనగరములోని వీర్యకేంద్రము వంటి చోట్ల నుండి వచ్చు ప్రతి వీర్యపు గొట్టముపైనను ఆంబోతు సంఖ్య ముద్రింపబడియుండును. సూది వేసిన నాడు, దానిని వేసిన గోపాలమిత్రను అడిగి ఆ సంఖ్యను, తేదీని వ్రాసికొనుడు. ఈనిన నాడు దూడను గోనెసంచిలో ఉంచి కాటాకు తగిలించి దాని బరువును, అది ఆడయో మగయో, లాగవలసి వచ్చినదో లేదో ఆ ప్రక్కనే వ్రాసి, ఆ కాగితమును గోపాలమిత్రకో, మీ మండల పశువైద్యునికో, మామునూరు పశువైద్య కళాశాలకో అందజేయుడు.