టైరు ఒకవైపే అరుగుతుంటే తప్పు ఎవరిది?

కూరగాయలు తోలే వ్యాను ముందు టైరు వేసి పట్టుమని ఆరు నెలలు కాకుండానే ఒక అంచు నున్నగా అయిపోయిందా? కంపెనీని తిట్టుకుంటూ కొత్త జత కొనబోతున్నారా? కాస్త ఆగండి. టైరు తనంతట తాను ఒకవైపు అరగడం అరుదు. దాన్ని వంకరగా నడిపిస్తున్న సామాను ఏదో బండి కింద ఉండి ఉంటుంది. అది బాగు చేయకుండా కొత్త టైరు ఎక్కిస్తే అదీ ఆ దారినే పోతుంది.

నిరుడు నేనూ అలాగే కొనబోయాను. ఎర్రగడ్డ రైతుబజారులో సరుకు దించి, టైర్లు చూద్దామని కృష్ణానగర్ వైపు బండి మళ్లించాను. సినిమా వాళ్లుండే పేట అది. లైట్లు, కెమెరాలు, జనరేటర్లు మోసే బండ్లు సందుల్లో ఆగి ఉంటాయి. వాటికి టైర్లు బిగించే ఒక మేస్త్రీ మా వ్యాను ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశాడు. "టైరును ఎందుకు తిడుతున్రు పటేలా? బండి కింద ఎవరికన్నా చూపిచ్చిన్రా?" అన్నాడు. చూపించలేదు. అమ్ముకునే మనిషే వద్దంటుంటే ఇంక కొనేదేముంది!

పక్కనున్న జనరేటరు బండిని చూపించి మరో మాట చెప్పాడు. షూటింగు ఉన్నా లేకున్నా ఆ బరువు కమాను కట్టల మీద నుంచి దిగదు. దానికితోడు ఫిలింనగర్ గుట్టల ఎత్తుపల్లాలు, ఇరుకు సందుల్లో నిలబడ్డచోటే స్టీరింగు తిప్పడం. మన బండి తిరిగొచ్చేటప్పుడైనా ఖాళీగా వస్తుంది. కానీ మనం పోయేటప్పుడు వేసే బరువో?

గాలి, బరువు

ముందుగా టైరు ముఖం చూడండి. నడుమ అరిగి రెండంచులూ బాగుంటే గాలి ఎక్కువైంది. రెండంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువైంది, లేదా ఆ గాలికి మించిన బరువు వేస్తున్నారు. వీటికి మెకానిక్కుతో పని లేదు. గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. కొంత దూరం నడిచాక టైరు వేడెక్కి మీటరు ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీసేస్తే మర్నాటికి తక్కువ పడుతుంది.

బరువు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని మోత 750 కిలోలు. 25 కిలోల టమాటా ట్రేలు 30 వేస్తే ఆ లెక్క నిండుతుంది. ఇలాంటి బండిలో 50 ట్రేలు ఎక్కించేవాళ్లను మీరూ చూసే ఉంటారు. అంటే 1,250 కిలోలు. అప్పుడు వెనుక టైర్ల అంచులు పోతే తప్పు టైరుదీ కాదు, కమానుదీ కాదు.

ఒక్క అంచే అరిగితే

అసలు చిక్కు ఇక్కడే. కాడెద్దులు రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నడిస్తే ఏమవుతుంది? గిట్టలు పక్కకు జారుతూ నేలను రాసుకుంటాయి. ముందు చక్రాలూ అంతే. వాటి ముందు భాగాలు ఒకదానికొకటి మరీ దగ్గరైతే టైర్ల బయటి అంచులు, మరీ ఎడమైతే లోపలి అంచులు అరుగుతాయి. దీన్నే మేస్త్రీలు 'టో' అంటారు. టైరు మీద అడ్డంగా అరచెయ్యి రాస్తే ఒక దిక్కుకు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా తగిలితే టో తప్పిందన్నమాట. తీగలు తేలిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, చీరుకుంటుంది. పళ్లు తగలకుండా ఏటవాలుగా ఒకే అంచుకు అరిగితే చక్రం నిలువులో వాలిందని అనుమానించాలి. దాని పేరు 'కాంబరు'.

గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బరు, చక్రం బ్యాలెన్సు, బేరింగు చూపించండి. కారయితే మూల మీద నొక్కి వదిలినప్పుడు రెండు మూడుసార్లు ఊగితే షాకులు పోయాయని చెప్పొచ్చు. కమాను కట్టలున్న బరువు బండికి ఆ పరీక్ష నమ్మకం కాదు. షాకు మీద నూనె కారిందేమో చూడటం మేలు. ఒక్కచోటే బిళ్లలా అరిగితే బ్రేకు పట్టేసి చక్రం ఈడ్చుకుపోయిందని గుర్తు.

ఇక జాకీ పని. బండిని చదును నేల మీద ఆపి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రం లేపండి. జాకీ మీదున్న బండి కిందికి దూరకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగు వదులైంది. తొక్కినా పోకపోతే కింగ్ పిన్నో, బాల్ జాయింటో అరిగింది. తర్వాత చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపండి. ఇందులోనే ఆట కనిపిస్తే టై రాడ్డు చివర్లు చూపించాలి.

మా వ్యానుకు బ్రేకు తొక్కినా ఆట పోలేదు. కింది బాల్ జాయింటు ఊడేందుకు సిద్ధంగా ఉంది. నేను అదే బండిలో తెల్లవారుజామున చీకట్లో సరుకుతో పోతున్నాను, పక్కన మా తమ్ముడు. అది నడుస్తుండగా ఊడితే చక్రం పక్కకు పడి బండి అక్కడే కూలబడుతుంది. ఆ రోజు రెండు కొత్త టైర్లు వేసుకుని ఉంటే అరుగుదల కనిపించేది కాదు, బండి బాగుందనుకునేవాణ్ణి.

వెనుక కమాన్లకు తాడు చాలు. స్టీరింగు నేరుగా పెట్టి ముందు చక్రం నడుమ నుంచి వెనుక చక్రం నడుమ దాకా ఒక పక్క కొలవండి, తర్వాత రెండో పక్క. తేడా బాగా వస్తే సెంటర్ బోల్టు తెగో, యూ బోల్టులు వదులయ్యో ఇరుసు జరిగి ఉండొచ్చు. అలాంటి బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది.

చాలామంది చేసే పొరపాటు, నేరుగా అలైన్‌మెంటు షాపుకి పోవడం. అరిగిన బుష్షుల మీద అలైన్‌మెంటు చేయించడమంటే వదులు గుంజకు కంచె బిగించడమే. ముందు గాలి, తర్వాత ఆట, కమాన్లు. అలైన్‌మెంటు అన్నిటికన్నా చివర.

మరి టైరుది తప్పు ఎప్పుడూ ఉండదా? ఉంటుంది. పక్కన బుడిపె లేచినా, పైపొర విడిపోయి ఒకచోట ఉబ్బినా ఆ టైరు వెంటనే తీసేయండి. గోతిలో దెబ్బ తగిలినా బుడిపె లేస్తుంది కాబట్టి అది తయారీ లోపమేనని ముందే అనుకోకండి. కోయకుండా, బిల్లుతో సహా డీలరుకు చూపండి. అలైన్‌మెంటు తప్పి అరిగిందానికి మాత్రం కంపెనీ పరిహారం ఇవ్వదు. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడపండి. లాగుడు రెండో పక్కకు మారితే టైరు, మారకపోతే బండి. పక్కన బాణం గుర్తు ఉన్న టైర్లను ఇలా మార్చకూడదు. మన రోడ్లు ఎడమకు కొంచెం వాలి ఉంటాయి కనుక ఎడమకు కాస్త లాగితే కంగారు పడొద్దు.

కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెల తేదీ చూసుకోండి. 2321 అంటే 2021లో 23వ వారం చేసింది.

ట్రాక్టరున్నవాళ్లకు ఒక మాట. నాలుగు చక్రాలూ తిరిగే ట్రాక్టరును తారు రోడ్డు మీద ఆ గేరులోనే నడపకండి. ముందు చక్రాలు కాస్త వేగంగా తిరిగేలా చేసి ఉంటాయి. దుక్కిలో అది పనికొస్తుంది, తారు మీద మాత్రం ముందు టైర్లను తినేస్తుంది.

మా ఎడమ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిపోయింది. వ్యాన్లు, లారీలకు అంతకు తగ్గితే నడపకూడదు కాబట్టి అది పారేయక తప్పలేదు. జాయింటు, బుష్షులు మార్చి, అలైన్‌మెంటు చేయించి, దాని చోట స్టెప్నీ ఎక్కించాను. రెండు కొనబోయినవాణ్ణి స్టెప్నీకని ఒక్కటే కొన్నాను. ఇప్పుడు నెలకోసారి పొద్దున్నే గాలి చూసేటప్పుడు ముందు టైర్ల మీద అరచెయ్యి రాసి చూస్తున్నాను. ఇంతవరకు పళ్లు తగల్లేదు.