పాత మిలిటరీ బండికి పవర్ స్టీరింగ్: బాక్స్ కొనే ముందు జాకీ ఎత్తండి

శక్తిమాన్ నడిపినవాళ్లకు భుజాల నొప్పి గురించి వేరే చెప్పక్కర్లేదు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన బండి అది. ముందు ఇరుసుకూ ఇంజన్ బలం అందుతుంది కాబట్టి ఇసుకలో, బురదలో ఆగదు. అంత బరువున్న ఇరుసును తిప్పాల్సింది మాత్రం డ్రైవరు చేతులే. జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనిలో లోడుతో రివర్స్ తీసేటప్పుడు, పులివెందుల చీనీతోటల ఇరుకు బాటలో మలుపు కోసేటప్పుడు ఆ బరువేంటో తెలుస్తుంది. వేలంలో కొన్న మిలిటరీ బండికైనా, పవర్ లేని పాత టాటా 1210కైనా పని దాదాపు ఒకటే.

ముందు ఇరుసును జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్ తిప్పి చూడండి. అప్పుడూ బిగుసుకుంటోందంటే తప్పు లోడుది కాదు. డ్రాగ్ లింక్ విప్పి మళ్లీ తిప్పండి. స్టీరింగ్ తేలికైతే కింగ్ పిన్లు ఎండిపోయినట్టు, తేలిక కాకపోతే బాక్సే పాడైనట్టు. చాలా బండ్లకు గ్రీజు, కొత్త బుష్‌లు, టైర్లలో సరైన గాలి పడితేనే సగం బాధ పోతుంది. తర్వాత చక్రాన్ని పట్టుకుని ఊపి లూజు చూడండి. పవర్ పెడితే ఆ లూజు చేతికి తెలియకుండా పోతుంది గానీ, అక్కడే ఉంటుంది. పైగా కొత్త బలానికి అరిగిన టై రాడ్ ఎండ్ ఇంకా త్వరగా ఊడుతుంది. ఇవి మార్చకుండా పవర్ పెట్టమని ఓనరు ఒత్తిడి చేస్తే ఆ పని ఒప్పుకోకండి.

పవర్ పెట్టడానికి దారులు రెండున్నాయి. పాత బాక్స్ ఉంచి డ్రాగ్ లింక్‌కు సాయంగా సిలిండర్ బిగించడం ఒకటి, మొత్తం బాక్సే మార్చి పవర్ బాక్స్ వేయడం ఇంకొకటి. రెండోదే నయమని నా అభిప్రాయం. లారీలకు ఎక్కువగా వాడే రకం బాక్స్ అయితే సీల్ కిట్టు దొరుకుతుంది, రిపేరు తెలిసినవాళ్లూ దొరుకుతారు. మీ బండి ముందు ఇరుసు మీద పడే బరువుకు సరిపోయే బాక్స్ తీసుకోండి. బాక్స్‌కు ఎంత ప్రెషర్, ఎంత ఆయిల్ కావాలో పంపు అంతే ఇవ్వాలి. వేరే బండి పంపు తెచ్చి అమర్చితే బాక్స్ సీళ్లు పోవచ్చు, లేదా స్టీరింగ్ బరువుగానే మిగలొచ్చు.

నిజానికి పవర్ స్టీరింగ్‌ను నిలబెట్టింది సైనిక వాహనాలే. అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే కారుకు అమర్చి చూపించినా కంపెనీలు దాన్ని అమ్మకానికి తేలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన బండ్లకు వాడాకే, 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అమ్మకపు కార్లలోకి వచ్చింది.

అసలు కష్టం బిగింపులో ఉంది. బాక్స్ నెట్టినంత బలంతో ఛాసిస్‌నూ వెనక్కి నెడుతుంది. పాత ఛాసిస్‌కు అక్కడ పగుళ్లు ఉన్నాయేమో తుడిచి చూడండి. లోపలి వైపు మందపాటి ప్లేటు వేసి, నిలువు భాగంలోనే రంధ్రాలు తీసి, 10.9 గ్రేడు బోల్టులతో బిగించండి. పై, కింది అంచుల్లో రంధ్రం వద్దు, బాక్స్‌ను ఛాసిస్‌కు వెల్డింగ్ చేయడం అసలే వద్దు. డ్రాప్ ఆర్మ్ చివర పాతది ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉండాలి. తేడా వస్తే గుంతలో పడి ముందు కమాన్ పట్టీ లేచి దిగినప్పుడల్లా చక్రం తనంతట తాను పక్కకు లాగుతుంది. ముద్దనూరు–జమ్మలమడుగు ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకోటి, కొత్త బాక్స్‌ను తలకిందులుగా బిగిస్తే కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. డ్రాగ్ లింక్ తగిలించకముందే డ్రాప్ ఆర్మ్ ఎటు కదులుతోందో చూసుకోండి.

హోసులను జేసీబీలకు ప్రెస్ చేసే చోటే చేయించండి. క్లిప్పులు వేసి సరిపెట్టడం వద్దు, ప్రెషర్ 100 బార్లు దాటుతుంది. లీకేజీని చేత్తో వెతక్కండి. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పంపు కంపెనీ చెప్పిన ఆయిలే పోసి, ఇంజన్ ఆపి ఉండగా, చక్రాలు గాలిలో ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా చాలాసార్లు తిప్పండి. ఆయిల్ తగ్గుతుంటే పోస్తూ ఉండండి. బుడగలు ఆగాక ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ తిప్పండి. చివర్లో అదిమి పట్టి ఉంచకండి, పంపు వేడెక్కుతుంది.

ఇరుసు స్టాపర్ తగిలేలోపే ప్రెషర్ తగ్గేలా బాక్స్ సెట్టింగు చేయాలి. తర్వాత ఖాళీ మైదానంలో, లోడు లేకుండా, ఇంజన్ ఆపేసి స్టీరింగ్ తిరుగుతుందో లేదో చూడండి. బరువుగానైనా తిరగాలి, అసలు కదలకపోతే రోడ్డెక్కించకండి. పంపు బెల్టు తెగితే స్టీరింగ్ ఇలాగే బరువెక్కుతుందని డ్రైవరుకు అదే మైదానంలో తిప్పించి చూపించండి. మొదటి ట్రిప్పు తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించి రంగుతో గీత గీయండి. బోల్టు కదిలితే గీత తప్పుతుంది.

ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడిగి రమ్మని ఓనరుకు చెప్పండి. పార్టుల బిల్లులు, తీసేసిన పాత బాక్స్ ఆయనకే అప్పగించండి. రేపు ఎఫ్‌సీకి పోయినప్పుడు అడిగేది ఆయన్నే.