ఒక టికెట్టు, రెండు అక్షరాలు

మా బడిలో తెలుగు తరగతికి వచ్చేది పదకొండు మంది. అమ్మకో నాన్నకో ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి పుస్తకాల సంచి సర్దుకుని వెళ్లినవాళ్లే అందరూ. పాఠం చెప్పే టీచరుదీ అదే కథ. ఈ ఏడాది అంతరించిపోతున్న జంతువుల మీద బడిలో ప్రదర్శన పెట్టి, వచ్చిన సొమ్మును గాయపడిన మూగజీవాలకు వైద్యం చేసేచోటికి ఇవ్వాలనుకున్నారు. టికెట్లు తయారుచేసే పని మా తరగతికి వచ్చింది. ఆ పనిలో మేము నేర్చుకున్నదే ఈ పాఠం.

టికెట్టు ఏం చెప్పాలి?

ముందుగా ఇళ్లలో దాచుకున్న పాత బస్సు టికెట్లు, మ్యూజియం టికెట్లు తెచ్చి చూశాం. మంచి టికెట్టు అయిదు ప్రశ్నలకు జవాబు చెప్పాలని తేలింది: ఏమిటి? ఎక్కడ? ఎప్పుడు? ఎంత? ఎందుకు? మొదటి నాలుగూ ఏ టికెట్టుకైనా కావాలి. అయిదోది విరాళం టికెట్టుకు ప్రాణం. పది రూపాయలు ఇచ్చినవారికి ఆ పది ఎక్కడికి వెళుతుందో తెలియాలి. అందుకే 'మంచి పనికి' అని ఊరుకోకుండా 'గాయపడిన జంతువుల మందులకు' అని రాశాం.

కొలతలు, లెక్క

ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, అడ్డంగా అయిదు సమాన పట్టీలు గీశాం. ఒక్కో పట్టీ 21 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పు వచ్చింది. ఎడమవైపు 6 సెంటీమీటర్లు మా దగ్గర ఉండే కౌంటర్‌ఫాయిల్. కుడివైపు 15 సెంటీమీటర్లు కొన్నవారికి ఇచ్చే టికెట్టు. రెండింటి మీదా ఒకే నంబరు వేస్తేనే చివర లెక్క సరిపోతుంది. మధ్యలో చింపడానికి వీలుగా, దారం ఎక్కించని కుట్టుమిషను సూదిని గీత వెంట నడిపితే చక్కటి చిల్లుల వరస పడింది. 40 కాగితాలకు 200 టికెట్లు.

ఎవరి ఊరి జంతువు వారిది

కాగితానికి అయిదు టికెట్లు కాబట్టి అయిదు బొమ్మలు కావాలి. ఇదివరకు ఉన్న ఊళ్లను తలచుకోమన్నాం. శ్రీనగర్ నుంచి వచ్చిన అబ్బాయి దాచిగామ్ అడవిలోని హంగుల్ జింకను వేశాడు. ఇంఫాల్ నుంచి వచ్చిన అమ్మాయి లోక్‌తాక్ సరస్సు దగ్గరి సంగాయ్ జింకను వేసింది. గ్వాలియర్ పిల్లవాడు చంబల్ నదిలోని ఘరియాల్ మొసలిని ఎంచుకున్నాడు. మగ ఘరియాల్ ముక్కు చివర కుండలాంటి బుడిపె ఉంటుంది. హిందీలో 'ఘడా' అంటే కుండ, దాని పేరు అందులోంచే వచ్చింది. జైసల్మేర్ అమ్మాయి వేసిన గోడావణ్ పక్షిని తెలుగులో బట్టమేక పిట్ట అంటారు. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు అభయారణ్యం ఆ పిట్ట కోసం ఏర్పడినదే. కడపలో చదివిన అబ్బాయి కలివికోడిని వేశాడు.

తప్పు దొరికింది

నలభై కాగితాలూ జిరాక్సు తీసి బల్ల మీద పేర్చాం. ఇంఫాల్ అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. టికెట్టు తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, ఆగిపోయింది.

"మేడమ్, సంగాయ్ ఉంది కదా! నేను చూశాను. మరి 'పోయిన' అని రాశామేం?"

టికెట్టు మీద 'అంతరించిపోయిన జంతువుల ప్రదర్శన' అని ఉంది. గబగబా చదివే మా అందరి కళ్లూ, దిద్దాల్సిన టీచరు కళ్లతో సహా, ఆ మాట మీదుగా జారిపోయాయి. "రెండక్షరాలే కదా, ఎవరు చూస్తారు?" అన్నాడొకడు. వెంటనే ఇంకొకరు అడిగారు: "పోయినవాటికి మందులెందుకు?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. టికెట్లన్నీ మళ్లీ తీయించాం. ఆ ఖర్చు విరాళంలోంచి తీయకుండా తరగతిలో అందరం పంచుకున్నాం.

రెండక్షరాల వ్యాకరణం

క్రియ నుంచి పుట్టి నామవాచకాన్ని విశేషించే మాట ధాతుజ విశేషణం. 'పోయిన' భూతకాలం, పని ముగిసింది. 'పోతున్న' వర్తమానకాలం, పని ఇంకా జరుగుతోంది, కనుక ఆపవచ్చు.

'పోయిన'కు ఉదాహరణ మన దేశపు చీతా. అది అంతరించిపోయిందని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. 2022లో కూనో అడవికి చీతాలు కావలసివస్తే ఆఫ్రికాలోని నమీబియా నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

సంగాయ్ కూడా పోయిందనే 1951లో అనుకున్నారు. రెండేళ్లకు మళ్లీ కనిపించింది. 1975లో లెక్కిస్తే 14 మాత్రమే ఉన్నాయి. అక్కడి నుంచి కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే మా అమ్మాయి దాన్ని చూడగలిగింది.

కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అయినా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతకడం మానలేదు. దాని బొమ్మ చూపించి ఊళ్లవాళ్లను అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర ఒక స్థానికుడికి రాత్రిపూట దొరికింది. 86 ఏళ్లుగా 'పోయిన' పక్షి ఆ రాత్రితో 'పోతున్న' పక్షి అయింది. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

అభ్యాసం

1. కింది జంటలకు అర్థభేదం చెప్పండి: ఎండిపోయిన చెరువు – ఎండిపోతున్న చెరువు, మరిచిపోయిన భాష – మరిచిపోతున్న భాష.

2. అయిదు ప్రశ్నలకూ జవాబు వచ్చేలా మీ బడి ప్రదర్శనకు ఒక టికెట్టు రాయండి. జిరాక్సుకు ఇచ్చేముందు, అక్షరాలు కూడబలుక్కుని చదివే చిన్న తరగతి పిల్లలకు ఒకసారి చూపించండి.

3. మీరు వదిలి వచ్చిన ఊళ్లో మీకు తెలిసిన ఒక జంతువు లేదా పక్షి బొమ్మ వేసి, అక్కడివాళ్లు దాన్ని పిలిచే పేరును తెలుగు లిపిలో రాయండి. పేరు గుర్తు లేకపోతే, అక్కడున్న మీ పాత స్నేహితుడికి ఒక ఉత్తరం రాసి అడగండి.