క్షేత్ర ప్రయోగ దత్తాంశాలకు డెస్క్‌టాప్ డేటాబేస్ క్లయింటు: ఏర్పాటు, అనుసంధానం, దోష పరిష్కారం – వేటపాలెం మండలం ఉదాహరణగా

సారాంశం

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలు, స్నాతకోత్తర విద్యార్థులు సేకరించే క్షేత్ర దత్తాంశాలు క్రమంగా స్ప్రెడ్‌షీట్ల నుండి కేంద్రీకృత డేటాబేస్‌లకు మారుతున్నాయి. ఈ డేటాబేస్‌లను తమ కంప్యూటరు నుండి చూడడానికి, ప్రశ్నించడానికి, సవరించడానికి ఉపయోగపడే సాధనమే డేటాబేస్ క్లయింటు. డీబీవర్ క్లయింటును పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సర్వరుకు అనుసంధానించే విధానం, అనుసంధానం విఫలమైనప్పుడు దోషాన్ని వరుసక్రమంలో గుర్తించే పద్ధతి, అనుసంధానం కుదిరిన తరువాత కూడా దత్తాంశాలలో మిగిలిపోయే లోపాలు ఈ పాఠంలో వివరించబడ్డాయి. జిల్లాల పునర్విభజన వల్ల తలెత్తే సమస్యకు వేటపాలెం మండలాన్ని ఉదాహరణగా తీసుకున్నాము.

1. పరిచయం

2021-22 సంవత్సరంలో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప పంటను తీవ్రంగా దెబ్బతీసింది. ఇటువంటి సందర్భాలలో శాస్త్రవేత్త ముందు నిలిచే మొదటి ప్రశ్న: ఈ గ్రామాలలో గత సంవత్సరాల తామర పురుగుల ఉధృతి ఎంత? ఏ నెలలో మొదలైంది? సమాధానం పాత నమోదులలోనే ఉంటుంది. ఆ నమోదులు పదిమంది కంప్యూటర్లలో పది రకాల ఫైళ్లుగా ఉన్నట్లయితే, వాటిని ఒకచోటికి చేర్చేలోపే పిచికారీకి అనువైన సమయం గడిచిపోతుంది. ఒకే డేటాబేస్‌లో ఉన్నట్లయితే కొద్ది నిమిషాలలో సమాధానం లభిస్తుంది. అయితే ఆ సమాధానం సరియైనదై ఉండాలి. తప్పుడు సగటు ఆధారంగా ఇచ్చిన సలహా రైతుకు అనవసరమైన పిచికారీ ఖర్చుగానో, కోల్పోయిన దిగుబడిగానో పరిణమిస్తుంది. కనుక క్లయింటు సాధనాన్ని వాడడం కంప్యూటరు విభాగానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది క్షేత్ర పరిశోధనా పద్ధతిలో భాగం.

2. సర్వరు, క్లయింటు – భేదం

1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికల భాండాగారంగా ప్రసిద్ధి పొందింది. పాఠకుడు నేరుగా బీరువాలు తెరవడు. తనకు కావలసిన పత్రిక పేరు, సంవత్సరం చీటీపై వ్రాసి ఇస్తాడు. భాండాగారంలోని సిబ్బంది దానిని వెదకి తెచ్చి ఇస్తారు. డేటాబేస్ వ్యవస్థ కూడా ఇదే తీరున పనిచేస్తుంది. భాండాగారం, దాని సిబ్బంది కలిస్తే సర్వరు. చీటీ వ్రాసే బల్ల క్లయింటు. చీటీపై వ్రాసే భాష ఎస్‌క్యూఎల్.

ఈ భేదం గ్రహిస్తే ఒక సాధారణమైన అపోహ తొలగుతుంది. క్లయింటును తన కంప్యూటరులో స్థాపించుకున్నంత మాత్రాన డేటాబేస్ అక్కడికి రాదు. అదేవిధంగా, క్లయింటును తొలగించినంత మాత్రాన సర్వరులోని దత్తాంశాలు పోవు.

3. సాధనం ఎంపిక

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు పీజీ అడ్మిన్, మైఎస్‌క్యూఎల్‌కు వర్క్‌బెంచ్ ప్రత్యేకించిన సాధనాలు. డీబీవర్ కమ్యూనిటీ సంచిక ఉచితంగా లభించే ఓపెన్ సోర్స్ సాధనం; విండోస్, లైనక్స్, మాక్ వ్యవస్థలలో పనిచేస్తుంది; పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, ఎస్‌క్యూలైట్ వంటి అనేక డేటాబేస్‌లకు అనుసంధానమవుతుంది. వేర్వేరు ప్రాజెక్టులలో వేర్వేరు డేటాబేస్‌లు వాడే విద్యార్థికి ఒకే సాధనం నేర్చుకుంటే సరిపోతుంది గనుక ఈ పాఠానికి దానిని ఎంచుకున్నాము.

4. ఏర్పాటు విధానం

అనుసంధానానికి ముందు డేటాబేస్ నిర్వాహకుని నుండి ఐదు వివరాలు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి: సర్వరు చిరునామా, పోర్టు సంఖ్య, డేటాబేస్ పేరు, వాడుకరి పేరు, పాస్‌వర్డ్. పోర్టు సంఖ్య సాధారణంగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306. సర్వరు తన కంప్యూటరులోనే ఉన్నట్లయితే చిరునామా 127.0.0.1 అవుతుంది.

డీబీవర్‌లో కొత్త కనెక్షన్‌ను ఎంచుకొని, డేటాబేస్ రకాన్ని గుర్తించి, పై వివరాలు నింపి, టెస్ట్ కనెక్షన్ మీట నొక్కాలి. మొదటిసారి అనుసంధానించేటప్పుడు ఆ డేటాబేస్‌కు తగిన డ్రైవరును సాధనం ఇంటర్నెట్ నుండి దించుకుంటుంది. ఇంటర్నెట్ లేని పరిశోధనా స్థానాలలో ఈ దశలోనే పని ఆగిపోతుంది; దీనిని సర్వరు లోపంగా భావించరాదు. వేరొక కంప్యూటరులో డ్రైవరు ఫైలును దించి, డ్రైవరు సెట్టింగులలోని లైబ్రరీల పట్టికకు ఆ ఫైలును జతచేస్తే సమస్య తీరుతుంది.

దత్తాంశాలను చూడవలసిన అవసరం మాత్రమే ఉన్నవారు కనెక్షన్‌ను రీడ్ ఓన్లీగా అమర్చుకోవాలి. అయితే ఇది పొరపాటున జరిగే మార్పులను ఆపే జాగ్రత్త మాత్రమే. అసలైన రక్షణ సర్వరులో ఉండాలి: విద్యార్థి ఖాతాకు చదివే అధికారం మాత్రమే ఇచ్చి, సవరించే అధికారాన్ని బాధ్యుడైన శాస్త్రవేత్త ఖాతాకు పరిమితం చేయాలి.

5. అనుసంధాన దోషాలు – గుర్తింపు, పరిష్కారం

దోష సందేశాన్ని చదవకుండా మూసివేయడం, సాధనాన్ని తొలగించి తిరిగి స్థాపించడం తరచుగా కనిపించే అలవాట్లు. ఇవి రోగ లక్షణాన్ని పరిశీలించకుండానే మందు కొట్టడం వంటివి. మన అభ్యర్థన ఎంత దూరం వెళ్లి ఆగిందో సందేశమే చెబుతుంది. ఆ క్రమంలోనే పరిశీలించాలి.

(అ) అన్‌నోన్ హోస్ట్: సర్వరు పేరునే కంప్యూటరు గుర్తించలేదు. పేరులో అక్షర దోషం, ముందు వెనుకల ఖాళీలు, నెట్‌వర్క్ అనుసంధానం పరిశీలించాలి.

(ఆ) కనెక్షన్ టైమ్డ్ అవుట్: అభ్యర్థన వెళ్లింది గాని ఎటువంటి జవాబూ రాలేదు. ఫైర్‌వాల్ అడ్డుకోవడం, చిరునామా తప్పు కావడం లేదా ప్రాంగణం వెలుపలి నుండి ప్రయత్నించడం కారణం కావచ్చు. వెలుపలి నుండి పనిచేయవలసి వస్తే వీపీఎన్ లేదా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా వెళ్లాలి.

(ఇ) కనెక్షన్ రిఫ్యూజ్డ్: సాధారణంగా ఆ కంప్యూటరు వరకు చేరుకున్నాము, కాని ఆ పోర్టు వద్ద వినేవారు లేరు. సర్వరు సేవ ఆగి ఉండవచ్చు, పోర్టు సంఖ్య తప్పు కావచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సహజ అమరికలో తన కంప్యూటరు నుండి వచ్చే అభ్యర్థనలను మాత్రమే వింటుంది. ఇతర కంప్యూటర్ల నుండి వాడాలంటే నిర్వాహకుడు లిజన్ అడ్రసెస్ అమరికను మార్చి, సేవను తిరిగి ప్రారంభించాలి.

(ఈ) నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ: సర్వరు మన మాట విన్నది, కాని మన చిరునామాకు ప్రవేశ నియమం లేదు. హెచ్‌బీఏ నియమాల ఫైలులో మన నెట్‌వర్క్‌కు ఒక వరుస చేర్చి, అమరికలను రీలోడ్ చేయాలి. తొందరపాటుతో అన్ని చిరునామాలకూ పాస్‌వర్డ్ లేకుండా ప్రవేశం కల్పించే ట్రస్ట్ నియమాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వ్రాయరాదు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఉన్న డేటాబేస్‌ను వీధిలో పెట్టినట్లవుతుంది.

(ఉ) పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్: పాస్‌వర్డ్ తప్పయినప్పుడే గాక, ఆ పేరుతో వాడుకరే లేనప్పుడు కూడా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇదే సందేశం ఇస్తుంది. కనుక మొదట వాడుకరి పేరును సరిచూసుకోవాలి.

(ఊ) డేటాబేస్ డజ్ నాట్ ఎగ్జిస్ట్: ప్రవేశం లభించింది, కాని కోరిన డేటాబేస్ లేదు. పేరులోని పెద్ద, చిన్న అక్షరాల భేదాన్ని పరిశీలించాలి.

(ఋ) పర్మిషన్ డినైడ్: అనుసంధానం కుదిరింది, ఆ పట్టికపై అధికారం లేదు. 2022లో విడుదలైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15 నుండి కొత్తగా సృష్టించిన డేటాబేస్‌లలోని పబ్లిక్ స్కీమాలో సాధారణ వాడుకరులు పట్టికలు సృష్టించే అధికారం సహజ అమరికలో లేదు. పాత సంచికలో పనిచేసిన స్క్రిప్టు కొత్త సర్వరులో ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

మైఎస్‌క్యూఎల్ 8 సర్వరుకు అనుసంధానించేటప్పుడు పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలౌడ్ అనే సందేశం రావచ్చు. నమ్మకమైన అంతర్గత నెట్‌వర్క్‌లో డ్రైవరు లక్షణాలలో అలౌ పబ్లిక్ కీ రిట్రీవల్ విలువను ట్రూగా మార్చాలి. వెలుపలి నెట్‌వర్క్‌లోనైతే గుప్తీకరించిన అనుసంధానమే సరియైన మార్గం.

6. అనుసంధానం కుదిరిన తరువాతి లోపాలు

పై దోషాలు తమంత తామే బయటపడతాయి. ఇక్కడ చెప్పబోయేవి ఎటువంటి సందేశమూ ఇవ్వవు. అందుచేత ఇవే ఎక్కువ ప్రమాదకరమైనవి.

వరుసల పరిమితి: డీబీవర్ సహజ అమరికలో ఫలితాల నుండి మొదటి 200 వరుసలను మాత్రమే తెస్తుంది. తెరపై కనిపించినవాటిని కాపీ చేసి స్ప్రెడ్‌షీట్‌లో సగటు తీస్తే, అది మొదటి 200 నమోదుల సగటు మాత్రమే అవుతుంది. సగటును ఎస్‌క్యూఎల్ ద్వారా సర్వరులోనే లెక్కించాలి, లేదా ఎక్స్‌పోర్ట్ విధానంలో మొత్తం ఫలితాన్ని తీసుకోవాలి. ఏ విశ్లేషణకైనా ముందు మొత్తం వరుసల సంఖ్యను కౌంట్ ద్వారా తెలుసుకోవడం మంచి అలవాటు.

కమిట్: మాన్యువల్ కమిట్ పద్ధతిలో ఉన్నప్పుడు చేసిన మార్పులు మనకు కనిపిస్తాయి గాని ఇతరులకు కనిపించవు. కమిట్ చేయకుండా కంప్యూటరును వదిలి వెళితే, అవే వరుసలను సవరించబోయే సహచరుని పని నిలిచిపోతుంది. ఆటో కమిట్ పద్ధతిలో ఈ చిక్కు లేదు, కాని వేర్ నిబంధన లేని అప్‌డేట్ ఆదేశం పట్టిక మొత్తాన్ని మార్చివేస్తుంది. వెనుకకు తీసుకునే వీలు ఉండదు.

శూన్యం, లోపించిన విలువ: ఒక మడిలో తామర పురుగులు లేవు అనడం, ఆ మడిని పరిశీలించలేదు అనడం వేర్వేరు విషయాలు. మొదటిది 0, రెండవది నల్. ఉదాహరణకు 20 మళ్లలో 12 మాత్రమే పరిశీలించగా ఆకుకు పురుగుల విలువల మొత్తం 36 అయినదనుకుందాం. పరిశీలించిన మళ్ల సగటు 3.0. సీఎస్‌వీ ఫైలును దిగుమతి చేసేటప్పుడు ఖాళీ గడులు 0గా మారితే సగటు 1.8కి పడిపోతుంది. సస్యరక్షణ నిర్ణయానికి ప్రామాణికమైన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉన్నట్లయితే, పిచికారీ చేయవలసిన చోట అవసరం లేదని చెప్పినవారమవుతాము.

తెలుగు లిపి: యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు యూటీఎఫ్-8 సంకేతీకరణ అవసరం. స్ప్రెడ్‌షీట్ నుండి సాధారణ సీఎస్‌వీగా భద్రపరిస్తే గ్రామాల పేర్లు ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. సీఎస్‌వీ యూటీఎఫ్-8 రూపాన్నే ఎంచుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత నివేదికలు యూనికోడ్ కావు గనుక ముందుగా మార్పిడి చేయాలి. వీటన్నిటికంటె సూక్ష్మమైనది కంటికి కనిపించని విభాజకం. పొల్లు తరువాత ఆ విభాజకం ఉన్న పేరు, లేని పేరు కొన్ని చోట్ల చూపుకు ఒకటిగానే ఉన్నా, డేటాబేస్‌కు రెండు వేర్వేరు పేర్లు. అందుచేత పట్టికలను పేర్లతో గాక సంకేత సంఖ్యలతో కలపాలి.

తేదీ: 05-08-2023 అనునది ఆగస్టు 5వ తేదీయా, మే 8వ తేదీయా అన్నది కంప్యూటరు అమరికపై ఆధారపడుతుంది. మిరప నారు దశకు ఇది చిన్న తేడా కాదు. ఎల్లప్పుడు 2023-08-05 రూపంలోనే నమోదు చేయాలి.

7. వేటపాలెం ఉదాహరణ: ఒకే మండలం, మూడు జిల్లాలు

వేటపాలెం ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకున్నది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో వేటపాలెం మండలం బాపట్ల జిల్లాలో చేరింది. అంటే ఒకే నేల, ఒకే వర్షపాతం గల గ్రామం నమోదు కాలాన్ని బట్టి మూడు జిల్లాల క్రింద కనిపిస్తుంది.

దీర్ఘకాలిక వర్షపాతం లేదా చీడల ఉధృతిని జిల్లాల వారీగా సమూహపరచిన ప్రశ్న ఈ గ్రామ చరిత్రను ముక్కలు చేస్తుంది. 2022 తరువాత ప్రకాశం జిల్లా సగటు మారినట్లు కనిపిస్తే, ఆ మార్పు వాతావరణానిదా, సరిహద్దుదా అని ముందుగా తేల్చుకోవాలి. తీరప్రాంతపు ఇసుక నేలల మండలాలు ఒక జిల్లా నుండి తొలగినప్పుడు, పొలంలో ఏ మార్పూ లేకపోయినా మిగిలిన జిల్లా సగటు మారుతుంది.

దీనికి పరిష్కారం పరిశీలనల పట్టికలో జిల్లా పేరును వ్రాయకపోవడమే. పరిశీలనల పట్టికలో గ్రామ సంకేతం మాత్రమే ఉండాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సంకేతాలు ఇందుకు అనుకూలం. వేరొక పట్టికలో గ్రామ సంకేతం, జిల్లా పేరు, ఏ తేదీ నుండి, ఏ తేదీ వరకు అనే నాలుగు అంశాలు ఉండాలి. అప్పుడు పాత సరిహద్దులతోను, నేటి సరిహద్దులతోను సగటులను వేర్వేరుగా తీయవచ్చు. పాత నమోదులను దిద్దవలసిన అవసరం రాదు.

8. బ్యాకప్

సీఎస్‌వీగా ఎగుమతి చేసిన ఫైలు సంపూర్ణమైన బ్యాకప్ కాదు. పట్టికల మధ్య సంబంధాలు, అధికారాలు అందులో ఉండవు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు పీజీ డంప్ సాధనాన్ని వాడాలి. డీబీవర్ నుండి దీనిని నడపాలంటే ఆ సాధనం మన కంప్యూటరులో స్థాపితమై, దాని స్థానం లోకల్ క్లయింట్ అమరికలో చూపబడి ఉండాలి. పీజీ డంప్ సంచిక సర్వరు ప్రధాన సంచిక కంటె పాతదైతే వెర్షన్ మిస్‌మ్యాచ్ అని ఆగిపోతుంది. సర్వరుతో సమానమైన లేదా దానికంటె కొత్త సంచికను స్థాపించాలి. తీసిన బ్యాకప్‌ను ప్రతి పంటకాలంలో ఒక్కసారైనా వేరొక డేటాబేస్‌లోకి పునరుద్ధరించి, వరుసల సంఖ్యను సరిపోల్చాలి.

9. విద్యార్థులకు అభ్యాసం

(1) తమ కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, డీబీవర్ స్థాపించి, సేవను ఆపి, పోర్టును మార్చి, తప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చే సందేశాలను నమోదు చేయండి. (2) ఖాళీ గడులున్న పరిశీలనల ఫైలును దిగుమతి చేసి, మొత్తం వరుసల కౌంట్‌ను, విలువ ఉన్న వరుసల కౌంట్‌ను పోల్చండి. (3) మీ స్వగ్రామానికి 1970 నుండి నేటివరకు వర్తించిన జిల్లాలతో తేదీల పట్టిక తయారు చేయండి.

10. ముగింపు

అనుసంధాన దోషాన్ని నెట్‌వర్క్, పోర్టు, ప్రవేశ నియమం, పాస్‌వర్డ్, డేటాబేస్, అధికారం అనే వరుసలో పరిశీలిస్తే చాలా సమస్యలను శాస్త్రవేత్తే స్వయంగా గుర్తించి, నిర్వాహకునికి స్పష్టంగా తెలియజేయగలడు. అటు తరువాత వరుసల సంఖ్య, లోపించిన విలువలు, తేదీలు, స్థల సంకేతాలు సరిచూసుకున్నాకనే సగటును సలహాగా మార్చాలి. రైతు మన పట్టికలను చూడడు. వాటి నుండి వెలువడిన ఒక్క వాక్యాన్ని నమ్మి పొలంలోకి మందు తీసుకువెళతాడు.