గుడారంలో సామానుకు చోటు



గుడారం సంచి మీద "4 పర్సన్" అని రాసి ఉంటే, నలుగురు భుజాలు ఆనించుకుని పడుకుంటే నేల నిండిపోతుందని అర్థం. ఆ లెక్కలో సామాను ఉండదు. బట్టల బ్యాగులు, చెప్పులు, నీళ్ల క్యాను, తడి తువ్వాళ్లు, పిల్లల బంతి ఎక్కడ పెట్టుకోవాలో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. మొదటి రాత్రి పది గంటలకు అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది. కారులో వెళ్లి రెండు మూడు రాత్రులు ఉండివచ్చే కుటుంబం గుడారం కొనేటప్పుడు ముందు సామాను లెక్క చూసుకోవడం మేలు. మనుషులు ఎలాగో సర్దుకుంటారు, సూట్‌కేసు సర్దుకోదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఒక మనిషి పడుకునే పరుపు సుమారు 2 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉంటుంది. పక్కపక్కన నాలుగు పరిస్తే 8 అడుగుల వెడల్పు పడుతుంది. నలుగురికని అమ్మే గుడారాల్లో చాలావాటి నేల 7×8 అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. అంటే కాళ్ల దగ్గర అడుగు వెడల్పు సందు ఒక్కటే మిగులుతుంది. నలుగురి సామానూ ఆ సందులోకే రావాలి. అదే ఆరుగురి గుడారమైతే నేల 10×9 అడుగుల దగ్గర ఉంటుంది. అవే నాలుగు పరుపులు ఒక మూలకు జరిపి వేస్తే పక్కన రెండడుగుల దారి, కాళ్ల దగ్గర మూడడుగుల పట్టీ మిగులుతాయి. బ్యాగులు ఆ పట్టీలో, నడక ఆ దారిలో. పడుకునేవాళ్ల సంఖ్యకు రెండు కలిపి గుడారం కొనాలనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. వీపున మోసుకుంటూ కొండలెక్కేవాళ్లకు ఈ లెక్క చెల్లదు. వాళ్లకు ప్రతి కిలో బరువే కనక ఇరుకుకు అలవాటు పడతారు.

కాగితం మీద అంకెలు కంటికి ఆనవు. డాబా మీద సుద్దముక్కతో 7×8 గీసి, నాలుగు చాపలు పరిచి, తీసుకెళ్లదలచిన బ్యాగులన్నీ గీత లోపలే పెట్టి, అర్ధరాత్రి ఒకరు లేచి బయటికి వెళ్లాలి అనుకుని నడిచి చూస్తే పావుగంటలో విషయం తేలిపోతుంది. గోడవైపు పడుకున్న మనిషి ముగ్గురిని దాటాలి, మూడో మనిషి పాదాల మీద బ్యాగు ఉంటుంది. ఇంతా చేసి డాబా మీద గీసిన గీతకు గోడల వాలు లేదు. గుడారానికి ఉంటుంది.

వాలు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ గుడారాల్లో గోడ కింది నుంచే లోపలికి వంగుతుంది. గాలిని తట్టుకోవడానికి ఆ వంపే బలం. కానీ అంచున అడుగు మేర మనిషి తల పెట్టడానికి పనికిరాదు, నిలువు సూట్‌కేసూ పట్టదు. నడిమి ఎత్తు 5 అడుగులలోపు ఉంటే ప్యాంటు మోకాళ్ల మీద నిలబడి తొడుక్కోవాలి, చీర సంగతి చెప్పనక్కర్లేదు. గోడలు దాదాపు నిటారుగా లేచే క్యాబిన్ గుడారాల్లో ఎత్తు 6 అడుగులు దాటుతుంది. మూల దాకా నేల పనికొస్తుంది, సామాను ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. అట్ట మీద రాసే ఎత్తు నడిమధ్య ఒక్క చోట కొలిచింది. కొనేముందు గోడకు అడుగు దూరంలో ఎత్తు ఎంతో చూడడం మంచిది. రెండు గుడారాల్లో ఏది విశాలమో ఆ కొలతే చెబుతుంది.

లోపల చోటు చాలకపోతే వచ్చేది అసౌకర్యం ఒక్కటే అనుకుంటారు. తడి కూడా వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలాంటి చోట ఇది బాగా అనుభవమవుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరూ ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు చెప్పుకునే అర్థం. అలాంటి చలిలో నలుగురు ఊపిరి వదులుతుంటే ఆ ఆవిరి చల్లటి పైగుడ్డకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. కప్పు కారిందని గుడారాన్ని తిట్టేవాళ్లలో చాలామంది చూసింది ఈ నీళ్లే. మంచి గుడారంలో లోపల పలుచని గుడ్డ, దాని మీద వాన ఆపే పైగుడ్డ వేరువేరుగా ఉంటాయి. మధ్యలో నాలుగు వేళ్ల సందు ఉంటుంది. బొట్లు పైగుడ్డ లోపలి వైపు జారి బయట నేల మీద పడతాయి. చోటు చాలక బ్యాగులను గోడకు నెట్టి పెడితే లోగుడ్డ వెళ్లి పైగుడ్డకు అంటుకుంటుంది. అంటుకున్న చోటల్లా నీళ్లు లోపలికి దిగుతాయి. పొద్దున్నే లేచేసరికి ఒక పక్క బట్టలన్నీ తడి. విశాలమైన గుడారంలో సామాను గోడకు జానెడు ఎడంగా పెట్టుకునే వీలుంటుంది. కప్పు దగ్గర గాలి కిటికీలు రెండైనా ఉండి, చలిలో కూడా వాటిని కాస్త తెరిచి ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. చలికి భయపడి అన్నీ మూసేసినవాళ్లే ఎక్కువ తడుస్తారు.

సామాను పెట్టుకునే ఏర్పాట్లు గుడారంలో మూడు రకాలు. పాత పెంకుటిళ్లు చూసినవాళ్లకు ఇవి కొత్త కాదు. పంచ, గూడు, అటక.

అన్నిటిలోకి విలువైనది పంచ. పైగుడ్డ తలుపు ముందు నేల దాకా వంగి వచ్చి కప్పే చోటును వెస్టిబ్యూల్ అంటారు. అది లోపలా కాదు, బయటా కాదు. సాధారణంగా అక్కడ కింద గుడ్డ ఉండదు, మట్టే. బురద చెప్పులు, తడి గొడుగు, నీళ్ల క్యాను, మడత కుర్చీలు అక్కడ ఉంటే లోపలి నేల పడకకు మిగులుతుంది. తలుపులు రెండు ఉండి రెండిటికీ పంచలు ఉంటే ఒకటి రాకపోకలకు, ఇంకొకటి సామానుకు వదిలేయవచ్చు. చవగ్గా దొరికే పెద్ద గుడారాల్లో చాలావాటికి పైగుడ్డ టోపీలా నెత్తిని మాత్రమే కప్పుతుంది. అలాంటివాటికి పంచ ఉండదు, ఏటవాలు వానా ఆగదు. నేల కొలత చూసి మురిసిపోయి ఈ టోపీ గుడారం కొన్నవాళ్లు తర్వాత బరకం కొని ముందు కట్టుకోవడం మామూలే. అదీ తప్పేమీ కాదు. 8×10 అడుగుల బరకం, రెండు కర్రలు, నాలుగు తాళ్లు ఉంటే ఏ గుడారానికైనా పంచ వస్తుంది. కానీ ఆ ఖర్చు ముందే లెక్కలో ఉండాలి.

గూళ్లంటే గోడకు కుట్టిన వల జేబులు. కళ్లద్దాలు, టార్చి, ఫోను, మందుల డబ్బీ, కారు తాళం లాంటివి చీకట్లో చేతికి అందాల్సినవి. జేబులు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. తల పెట్టుకునే వైపు పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేలా, మనిషికొకటి ఉండాలి. నాలుగూ తలుపు పక్కన కుట్టేసిన గుడారాలూ ఉన్నాయి. వాటిలో జేబులోని టార్చి కోసం ముందు ఇంకో టార్చి వెతకాలి.

అటక కప్పు కింద నాలుగు కొక్కేలకు వేలాడదీసే వల పళ్లెం. మేజోళ్లు, మంకీ క్యాపు, పొద్దున వేసుకునే చొక్కా అక్కడ పెట్టుకోవచ్చు. బరువు పెడితే కప్పు కుంగుతుంది. కుంగిన చోట పైన వాననీరు నిలుస్తుంది. ఇంటి అటక మీద ఇత్తడి గంగాళం పెట్టినట్టు ఇక్కడ పెట్టకూడదు. కప్పు లోపలి వైపు వరసగా కుట్టిన గుడ్డ ఉంగరాలు ఉంటే వాటికి తాడు కట్టి తువ్వాలు ఆరేసుకోవచ్చు. రెండు మూడు రాత్రులకు ఆ తాడు అటకకన్నా ఎక్కువ అక్కరకొస్తుంది.

కొన్ని పెద్ద గుడారాల్లో మధ్యకు తెర లాగి రెండు గదులు చేసుకునే వీలుంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు వేరుగా పడుకుంటారని దాన్ని అమ్ముతారు. మూడో వంతు దగ్గర తెర లాగి ఆ భాగాన్ని సామాను కొట్టుగా, బట్టలు మార్చుకునే గదిగా వాడుకున్నవాళ్లే ఎక్కువ సుఖపడతారు.

తిండి మాత్రం పడుకునే గుడారంలో ఉంచకూడదు. మన అడవుల అంచున చీమలు, కుక్కలు, కోతులు వాసన పట్టి వస్తాయి. కోతులు గుడ్డ కూడా చించేస్తాయి. మూత గట్టి డబ్బాలో పెట్టి కారులో ఉంచడం ఇక్కడి పద్ధతి. కాలిఫోర్నియాలో ఉండే తెలుగు కుటుంబాలు సెలవులకు యోసెమిటీ వెళ్తే అక్కడ అదీ కుదరదు. చీకటి పడ్డాక కారులో కూడా తిండి ఉంచకూడదని పార్కు నియమం. ఎలుగుబంట్లు కారు తలుపులు పీకేస్తాయి కనక క్యాంపు స్థలంలోనే ఇనుప పెట్టెలు పెట్టారు. పచ్చళ్ల సీసాలతో పాటు పిల్లల టూత్‌పేస్టూ వాటిలోకే వెళ్లాలి.

గుడ్డ గురించి రెండు మాటలు చాలు. పైగుడ్డ మీద 1500 మి.మీ. అని ఉంటే, పరీక్షలో మీటరున్నర ఎత్తు నీటి స్తంభాన్ని అది ఆపిందని. మామూలు వానకు అది సరిపోతుంది. నేల గుడ్డ మీద మోకాలు ఆనితే ఒత్తిడి ఎక్కువ కనక దానికి 3000 ఉంటే మంచిది. దాని అంచులు తొట్టిలా నాలుగైదు అంగుళాలు పైకి లేచి ఉండాలి. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకూ కొంత ఆగుతుంది. చట్రానికి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చవక, కాని విరిగితే నిలువునా చీలి చేతికి ముళ్లు గుచ్చుకుంటాయి. అల్యూమినియం వంగుతుంది, మళ్లీ సరిచేసుకోవచ్చు.

ఎత్తైన నిటారు గోడలకు ఉన్న లోపం గాలి. గండికోటలో పెన్నా లోయ అంచున రాత్రిపూట గుడారాలు వేస్తారు. అక్కడ నేల రాయి, మేకు దిగదు. గాలికి అడ్డు లేదు. ఆరడుగుల క్యాబిన్ గుడారం అలాంటి చోట తెరచాపే. మూలలకు పెద్ద రాళ్లు కట్టి, నాలుగు వైపులా తాళ్లు లాగి, లోయ అంచుకు బాగా దూరంగా వేస్తేనే నిలుస్తుంది. మట్టి నేలలో మేకును గుడారానికి ఎదురుగా బయటి వైపు వాల్చి దిగ్గొట్టాలి. పెళ్లిళ్లకు షామియానా వేసే కుర్రాళ్లు కొట్టే తీరు చూస్తే ఇంకెవరూ నేర్పనక్కర్లేదు. ఖాళీ గుడారం గాలికి లేచిపోతుంది కనక బ్యాగులు ముందుగా లోపల పెట్టేస్తే కొంత ఆసరా, కానీ మేకులు, తాళ్ల పని సామాను చేయదు.

పెద్ద గుడారం లోపల ఇల్లులా ఉందని పొయ్యి వెలిగించే ఆలోచన రాకూడదు. చలి తట్టుకోలేక నిప్పుల కుంపటి లోపల పెట్టుకుంటే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జిప్పు కాస్త తెరిచి ఉంచామన్న ధీమా పనికిరాదు. పంచలో కూడా వెలిగించకూడదు, పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి అంటుకుంటుంది.

ఇన్నీ చూసి కొన్న గుడారం కారులో పట్టాలి. ఆరుగురి క్యాబిన్ గుడారం సంచి 8 నుంచి 12 కిలోల దాకా తూగవచ్చు, ఇనుప కడ్డీలవైతే పొడవు నాలుగడుగులకు రావచ్చు. చిన్న కారు డిక్కీ అడ్డంగా అంత ఉండదు. డిక్కీని టేపుతో కొలుచుకుని వెళ్లడం దుకాణంలో సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. తెచ్చాక ప్రయాణానికి వారం ముందే ఒకసారి డాబా మీద వేసి, బకెట్లతో కాకుండా పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి కుట్లు చూసుకోవాలి. కుట్టు దగ్గర చెమ్మ కనిపిస్తే సీమ్ సీలర్ పూసుకోవచ్చు, లేదా రసీదు ఉండగానే మార్చుకోవచ్చు.

తిరిగి వచ్చాక తడి గుడారాన్ని సంచిలోనే వదిలేస్తే వారంలో బూజు పడుతుంది. ఏడాది రెండేళ్లకు లోపలి పూత జిగురుగా మారి ముక్కవాసన వేస్తుంది, ఆ తర్వాత ఏం చేసినా వాన ఆగదు. నీడలో తాడు మీద పూర్తిగా ఆరబెట్టి, జేబుల్లో ఇసుక దులిపి, జిప్పుల పళ్లు తడిగుడ్డతో తుడవాలి. బిగించి చుట్టి సంచిలో కుక్కకుండా పాత దుప్పటి కవరులో వదులుగా మడిచి ఇంటి అటక మీద పెట్టాలి. మేకులు వేరే డబ్బాలో ఉంచితే గుడ్డకు చిల్లులు పడవు.