స్వీయరచనయందు సమాజము: హనుమకొండ కాళోజీ

స్వానుభవమును చెప్పుకొనుచునే సంఘమును విచారించు రచనకు ఉదాహరణము వెదకు పరీక్షార్థి హనుమకొండ దాటి పోనక్కరలేదు. 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకమందలి రట్టిహళ్ళిలో జన్మించి, మడికొండలో పెరిగి, హనుమకొండయందు స్థిరపడిన కాళోజీ నారాయణరావు, తన కవితలకు ‘నా గొడవ’ అనియు, ఆత్మకథకు ‘ఇదీ నా గొడవ’ అనియు పేరిడి, నిజాము పాలనలోని నిర్బంధమును, ఓటరు బాధ్యతను, తెలంగాణ పలుకుబడికి జరిగిన అవమానమును తన సొంతబాధలుగానే వెల్లడించెను. సత్తుపల్లి ఎన్నికలో నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుపై పోటీచేసి ఓడిన ఆయన, వ్రాసిన మాటకు తానే పూచీపడిన అరుదైన రచయిత యని నా తలంపు.

అయినను ఆయన ప్రధానముగా కవి. వచనమే కావలెననువారు సామల సదాశివ ‘యాది’ని చదువవలెను; తెలుగు, ఉర్దూ సంస్కృతుల సహజీవనము అందు ముచ్చటల రూపమున వినిపించును. సదాశివ ‘స్వరలయలు’ 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందెను. పానుగంటి ‘సాక్షి’ వ్యాసములు మాత్రము వేరు: అందు సంఘదోషములను దుయ్యబట్టునది జంఘాలశాస్త్రి యను కల్పితపాత్రము. పరీక్షార్థులు ఈ భేదమును తరచు విస్మరింతురు.

కాళోజీకి పద్మవిభూషణ్ 1992లో లభించెను. 2002 నవంబరు 13న మరణించిన పిదప ఆయన దేహము కాకతీయ వైద్యకళాశాలకు దానమీయబడెను. ఆయన జన్మదినమే తెలంగాణ భాషా దినోత్సవము.